తొలగించినా తిరిగిరాని స్థలం: హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో లెక్క ఎక్కడ ఆగిపోయింది?

ముందుగా మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే జవాబులో సగం అందులోనే ఉంది. మీది 12 డేటానోడ్ల (డేటా దాచే యంత్రాల) హెచ్‌డీఎఫ్‌ఎస్ క్లస్టరు, అంటే ఫైళ్లను బ్లాకులుగా ముక్కలు చేసి చాలా యంత్రాల డిస్కుల్లో దాచే హడూప్ ఫైల్ సిస్టమ్; హడూప్ 3 శ్రేణి, ప్రతి బ్లాకుకు 3 ప్రతులు. పాత లాగ్ ఫైళ్లు 40 టీబీ మేరకు స్కిప్‌ట్రాష్ (చెత్తబుట్టలోకి పంపకుండా నేరుగా తీసేసే ఐచ్ఛికం) పెట్టి తొలగించారు కాబట్టి డిస్కుల మీద 120 టీబీ ఖాళీ కావాలని లెక్క వేసుకున్నారు. రూట్ డైరెక్టరీ మీద, ఫైళ్ల పరిమాణం చెప్పే డీయూ కమాండు ఇచ్చినప్పుడు రెండో నిలువు వరుసలో, అంటే ప్రతులన్నీ కలిపి చూపే అంకెలో, తొలగింపుకు ముందు 280 టీబీ ఉండగా తర్వాత 190 టీబీ అయింది. క్లస్టరు స్థితిని చూపే డీఎఫ్‌ఎస్‌అడ్మిన్ రిపోర్టులోని ‘డీఎఫ్‌ఎస్ యూజ్డ్’ (డిస్కుల మీద వాడుకలో ఉన్న స్థలం) మాత్రం అప్పుడూ 282 టీబీయే, రెండు రోజుల తర్వాత ఇప్పుడూ 282 టీబీయే. ఇది అనాథ బ్లాకుల (ఏ ఫైలుకూ చెందని బ్లాకుల) వల్ల జరిగిన లీకేజీ అని అనుమానించి, అలాంటి బ్లాకులను ఏరి డేటానోడ్ డిస్కుల మీద నేరుగా ఆర్‌ఎమ్ కమాండుతో చెరిపేయవచ్చా అని అడిగారు.

అలా చేయవద్దు. ఎందుకు వద్దంటున్నానో చివర వివరంగా చెబుతాను. మీ క్లస్టరులో లీకేజీ ఏమీ లేదనే నా అభిప్రాయం. స్థలాన్ని ఇద్దరు వేర్వేరు హక్కుదారులు పట్టుకుని ఉన్నారు. ఒకరి దగ్గర 90 టీబీ, మరొకరి దగ్గర 30 టీబీ ఉన్నాయి. ఈ విభజన మీరిచ్చిన అంకెల్లోనే ఉంది.

హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో స్థలానికి ఒకే లెక్క ఉండదు. ఫైళ్ల పేర్లను, బ్లాకుల లెక్కను చూసుకునే నేమ్‌నోడ్ అనే సర్వర్ జ్ఞాపకంలో ఉండే పేర్ల చెట్టు ఒకటి, ఏ బ్లాకు ఏ డేటానోడ్‌లో ఉందో చెప్పే పటం మరొకటి, డిస్కు మీద నిజంగా ఉన్న ఫైళ్లు మూడోది. ఫైలును తొలగించిన క్షణంలో మొదటి లెక్క మారుతుంది, మిగిలిన రెండూ వీలు చూసుకుని దాన్ని అనుసరిస్తాయి. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలోని చెట్టు పడిపోదు కదా, ఇదీ అంతే. ఇది లోపం కాదు, మొదటి నుంచీ ఉన్న పద్ధతి. 2003లో గూగుల్ ఇంజినీర్లు తమ ఫైల్ సిస్టమ్ గురించి ప్రచురించిన పత్రంలోనే, తొలగించిన ఫైలును వెంటనే చెరిపేయకుండా దాగిన పేరు కిందికి మార్చి, మూడు రోజులు దాటాక తీరిగ్గా ఊడ్చేసే విధానాన్ని వివరించారు. హెచ్‌డీఎఫ్‌ఎస్ ఆ సంప్రదాయంలోనే పుట్టింది.

కాబట్టి స్థలం తిరిగి రాలేదన్నప్పుడు నేను ఎప్పుడూ నాలుగు అంకెలు పక్కపక్కన రాసుకుంటాను. మొదటిది, డీయూ కమాండుకు ‘-ఎక్స్’ అనే ఐచ్ఛికం జోడించి, స్నాప్‌షాట్లను (ఒక డైరెక్టరీ ఫలానా సమయంలో ఎలా ఉందో అలా భద్రపరిచిన స్థితులను) వదిలేసి తీసిన మొత్తం. రెండోది, ఆ ఐచ్ఛికం లేకుండా తీసిన మొత్తం. ఇందులో స్నాప్‌షాట్లలో మాత్రమే మిగిలి ఉన్న ఫైళ్లు కూడా కలుస్తాయి. మూడోది రిపోర్టులోని డీఎఫ్‌ఎస్ యూజ్డ్. నాలుగోది డేటానోడ్ డిస్కుల మీద ఆపరేటింగ్ సిస్టమ్ డీఎఫ్ కమాండు చెప్పే వినియోగం. స్థలం ఏ రెండు అంకెల మధ్య చిక్కుకుందో తెలిస్తే అది ఎవరి చేతిలో ఉందో తెలిసినట్టే. మీరు రెండో అంకె, మూడో అంకె మాత్రమే ఇచ్చారు. మొదటి అంకె 160 టీబీ దగ్గర వస్తుందని నా అంచనా. ఈ జవాబు మిగతాది చదివే ముందు ఒకసారి తీసి చూడండి.

ఇప్పుడు పెద్ద ముక్క సంగతి. రెండో అంకె 190, మూడో అంకె 282, తేడా 92 టీబీ. ప్రతి బ్లాకు ఫైలు పక్కన డాట్ మెటా అనే చెక్‌సమ్ ఫైలు (డేటా చెడిపోలేదని సరిచూసుకునేది) ఒకటి ఉంటుంది. 512 బైట్లకు 4 బైట్ల చొప్పున అది డేటాలో 0.8 శాతం వరకు ఉంటుంది. తొలగించకముందు మీ 280కి, 282కి మధ్య ఉన్న 2 టీబీ తేడా సరిగ్గా అదే. అది తీసేస్తే మిగిలేది 90 టీబీ. అంటే పేర్ల చెట్టు నుంచి పోయిన 90 టీబీ డిస్కుల మీద అలాగే, ఒక్క టీబీ కూడా తగ్గకుండా ఉంది. మామూలు తొలగింపు ఆలస్యం ఇలా కనిపించదు. ఆలస్యంలో అంకె నెమ్మదిగానైనా కదులుతుంది. రెండు రోజులు గడిచినా అసలు కదలలేదంటే ఎవరో కావాలనే ఆపి ఉంచారన్నమాట.

ఎవరన్నది మీరే మీ ప్రశ్న చివరి వాక్యంలో చెప్పి, అంతగా పట్టించుకోకుండా వదిలేశారు. నెలన్నర కిందట రోలింగ్ అప్‌గ్రేడ్ (క్లస్టరును ఆపకుండా ఒక్కో యంత్రాన్నీ కొత్త వెర్షన్‌కు మార్చడం) చేశామనీ, అప్పటి నుంచి అంతా సాఫీగా నడుస్తోందనీ రాశారు. ఫైనలైజ్ చేశారా, అంటే అప్‌గ్రేడ్ ఇక ఖాయమని ముగించారా? చేసి ఉండరని పందెం కాయగలను.

రోలింగ్ అప్‌గ్రేడ్‌లో ‘ప్రిపేర్’ చేసిన క్షణం నుంచి, అవసరమైతే పాత స్థితికి వెనక్కి వెళ్లే దారిని హెచ్‌డీఎఫ్‌ఎస్ తెరిచి ఉంచుతుంది. వెనక్కి వెళ్లాలంటే ఆ తర్వాత తొలగించిన ఫైళ్ల బ్లాకులు కూడా ఉండాలి కదా. అందుకని నేమ్‌నోడ్ ‘ఈ బ్లాకు తీసేయి’ అన్నప్పుడు డేటానోడ్ దాన్ని చెరిపేయదు. అదే డిస్కులో బ్లాక్‌పూల్ డైరెక్టరీ (ఒక పేర్ల చెట్టుకు చెందిన బ్లాకులన్నీ ఉండేది) కింద ఉన్న ‘ట్రాష్’ అనే ఫోల్డరులోకి, పాత ఉప డైరెక్టరీల అమరిక చెడకుండా, జరుపుతుంది. ఇది యూజర్ల హోమ్ డైరెక్టరీలో కనిపించే డాట్ ట్రాష్ కాదు. పేరు ఒకటే కావడం వల్ల స్కిప్‌ట్రాష్ పెట్టాం కదా అన్న ధీమాతో చాలామంది ఇక్కడే పొరబడతారు. స్కిప్‌ట్రాష్ నేమ్‌నోడ్ పేర్ల చెట్టుకు సంబంధించినది. డేటానోడ్ ట్రాష్‌కు దాని ఊసే తెలియదు. డేటానోడ్ తన వినియోగాన్ని మామూలు అమరికలో బ్లాక్‌పూల్ డైరెక్టరీ మొత్తం మీద డీయూ నడిపి లెక్కిస్తుంది కాబట్టి ఆ ట్రాష్ కూడా డీఎఫ్‌ఎస్ యూజ్డ్‌లోనే కలిసిపోయి, విడిగా ఎక్కడా కనిపించదు.

సరిచూసుకోవడం తేలిక. ఏదైనా ఒక డేటానోడ్‌లోకి లాగిన్ అయి, డేటా డైరెక్టరీలోని ‘కరెంట్’ లోపల ‘బీపీ’ అక్షరాలతో మొదలై నేమ్‌నోడ్ ఐపీ చిరునామా, ఒక పొడవాటి కాలసంఖ్య కలిసిన పేరున్న డైరెక్టరీని తెరవండి. అందులో మళ్లీ ఒక ‘కరెంట్’, దాని పక్కనే ‘ట్రాష్’ కనిపిస్తాయి. ఆ ట్రాష్ మీద డీయూ ఇచ్చి, ఆ నోడ్‌లోని మిగతా డిస్కుల అంకెలూ కలపండి. మీకు 12 నోడ్లు కాబట్టి ఒక్కో నోడ్‌కు సుమారు 7.5 టీబీ రావాలి. వస్తే ఇక సందేహం లేదు. నేమ్‌నోడ్ వెబ్ పేజీలో కూడా రోలింగ్ అప్‌గ్రేడ్ ఫలానా సమయంలో మొదలైందన్న సందేశం కనిపిస్తూనే ఉంటుంది. రోజూ చూసే పేజీ కాబట్టే కంటికి ఆనదు. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఆ సందేశం ఐదు నెలలు మా కళ్ల ముందే ఉంది. కొత్త డిస్కుల కొనుగోలుకు ఫైలు కూడా కదిలాక, కొత్తగా చేరిన ఒక అమ్మాయి ‘ఇది ఇంకా ఎందుకుంది సార్?’ అని అడిగితే గానీ మాకు వెలగలేదు.

డీఎఫ్‌ఎస్‌అడ్మిన్‌లో రోలింగ్‌అప్‌గ్రేడ్‌కు ‘క్వెరీ’ ఇచ్చి స్థితి చూడండి. రెండు నేమ్‌నోడ్లూ (పనిచేసేది, దానికి బదులుగా సిద్ధంగా ఉండేది), డేటానోడ్లన్నీ కొత్త వెర్షన్ మీదే నడుస్తున్నాయని నిర్ధారించుకున్నాక ‘ఫైనలైజ్’ ఇవ్వండి. అది ఇచ్చాక వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది కాబట్టి మీ పైవారికి ముందే చెప్పడం మర్యాద. అయితే నెలన్నర దాటాక ఆ దారి నిజానికి ఎవరికీ అక్కరకు రాదు. రోల్‌బ్యాక్ చేస్తే ఈ నెలన్నరలో రాసిన కొత్త ఫైళ్లన్నీ పోతాయి, దానికి ఏ సంస్థా ఒప్పుకోదు. ఫైనలైజ్ సంగతి హార్ట్‌బీట్ (డేటానోడ్ తరచూ నేమ్‌నోడ్‌కు పంపే ‘బతికే ఉన్నాను’ అన్న సందేశం) జవాబులో ఒక్కో డేటానోడ్‌కు చేరుతుంది, అది తన ట్రాష్‌ను తానే ఖాళీ చేసుకుంటుంది. వినియోగం లెక్కను డేటానోడ్ సాధారణంగా 10 నిమిషాలకు ఒకసారి తాజా చేస్తుంది కాబట్టి రిపోర్టులో అంకె వెంటనే పడకపోతే కంగారు పడకండి. రోలింగ్ కాకుండా క్లస్టరును ఆపి పాత పద్ధతిలో అప్‌గ్రేడ్ చేసినవారికీ ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. అక్కడ ట్రాష్ బదులు ‘ప్రీవియస్’ అనే డైరెక్టరీలో బ్లాకులకు హార్డ్‌లింకులు (అదే ఫైలుకు రెండో పేర్లు) ఉంటాయి. ఒక లింకు తీసినా రెండోది పట్టుకునే ఉంటుంది కాబట్టి ఫైనలైజ్‌అప్‌గ్రేడ్ ఇచ్చేదాకా స్థలం రాదు.

రెండో ముక్క 30 టీబీ. మీరు 120 టీబీ తీసేస్తే డీయూలో 90 టీబీ మాత్రమే తగ్గింది. ఐచ్ఛికం లేని డీయూ స్నాప్‌షాట్లను కూడా కలుపుకుంటుందని పైన చెప్పాను. అంటే మీరు తొలగించిన 40 టీబీలో 10 టీబీ ఏదో స్నాప్‌షాట్ కింద ఉన్న డైరెక్టరీలోది. ఎల్‌ఎస్‌స్నాప్‌షాటబుల్‌డిర్ కమాండును సూపర్ యూజర్‌గా నడిపితే అలాంటి డైరెక్టరీలన్నీ బయటపడతాయి. మామూలు యూజర్‌గా నడిపితే మీ సొంతవి మాత్రమే కనిపిస్తాయి. ఆ డైరెక్టరీ కింద డాట్ స్నాప్‌షాట్ అనే దారిలోకి వెళ్లి చూడండి. మామూలు ఎల్‌ఎస్‌లో అది కనిపించదు, పేరు పెట్టి అడిగితేనే తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఒక ఫైలు జనవరిలో పుట్టి జూన్‌లో పోయిందనుకోండి. ఈ మధ్యలో తీసిన స్నాప్‌షాట్లన్నిటిలోనూ అది ఉంటుంది. వాటిలో ఏ ఒక్కటి మిగిలినా బ్లాకులు కదలవు. అన్నిటికన్నా పెద్ద స్నాప్‌షాట్ ఏదో కనుక్కుని దాన్ని తీసేద్దామని చూడడం వల్ల ప్రయోజనం లేదు; హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో స్నాప్‌షాట్‌కు సొంత బరువంటూ ఉండదు, తేడాలే ఉంటాయి. స్నాప్‌షాట్‌డిఫ్ కమాండుతో పాత స్నాప్‌షాట్‌కూ ప్రస్తుత స్థితికీ తేడా తీస్తే మైనస్ గుర్తుతో వచ్చే వరుసలే మీరు తొలగించినవి. వాటిని పట్టుకున్న స్నాప్‌షాట్లన్నిటినీ పాత వాటితో మొదలుపెట్టి తీయండి. కానీ తీసే ముందు అవి ఎవరు పెట్టారో అడగండి. డిస్ట్‌సీపీ అనే కాపీ సాధనంతో మరో క్లస్టరుకు మార్పులను మాత్రమే పంపే ఏర్పాటు ఉంటే, రెండు వైపులా ఉమ్మడిగా ఉన్న చివరి స్నాప్‌షాటే దానికి ఆధారం. అది పోతే తర్వాతి కాపీ మొదటి నుంచి మొత్తం నడవాలి. 30 టీబీ ఖాళీ చేయబోయి వారం రోజులు నెట్‌వర్కును ముంచేసినవారిని చూశాను.

స్నాప్‌షాట్ తీశాక బ్లాకుల తొలగింపు మామూలు దారిలో నడుస్తుంది. దాని వేగాన్ని ముందే లెక్క కట్టవచ్చు. నేమ్‌నోడ్ 3 సెకన్లకు ఒకసారి, బతికున్న డేటానోడ్లలో 32 శాతానికి, ఒక్కోదానికి గరిష్ఠంగా 1000 బ్లాకుల చొప్పున తొలగింపు పని అప్పగిస్తుంది. ఇవి డిఫాల్ట్ విలువలు. మీ 12 నోడ్లలో 32 శాతం అంటే పైకి సవరించి 4 నోడ్లు. అంటే 3 సెకన్లకు 4000 ప్రతులు, నిమిషానికి 80,000. మీ 30 టీబీ అంతా నిండు 128 ఎంబీ బ్లాకులే అయితే అవి 2,45,760 ప్రతులు, మూడు నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది. సగటు బ్లాకు 8 ఎంబీయే అయితే దానికి పదహారింతలు, అంటే ముప్పావు గంట దాటుతుంది. ఇది ఆదేశాలు పంపే వేగం మాత్రమే. బిజీగా ఉన్న డిస్కు మీద ఆ ఫైళ్లను నిజంగా చెరిపే వేగం వేరు. నేమ్‌నోడ్ కొలతలు చూపే జేఎమ్‌ఎక్స్ పేజీలో ‘పెండింగ్ డిలీషన్ బ్లాక్స్’ అనే అంకె తగ్గుతూ ఉంటే పని సాగుతున్నట్టే. ఆ పరిమితిని పెంచుదామన్న తొందర వద్దు. తొలగింపులు ముమ్మరమైతే డిస్కుల మీద చదివేవారికి ఆలస్యం తప్పదు.

మీ కేసుకు వర్తించకపోయినా, ఇదే ఫిర్యాదుతో వచ్చేవారి దగ్గర నేను చూసిన మరికొన్ని కారణాలు కూడా చెబుతాను. అన్నిటికన్నా మోసపూరితమైనది యూజర్ల డాట్ ట్రాష్. ఎఫ్‌ఎస్.ట్రాష్.ఇంటర్వల్ విలువ 1440 నిమిషాలని పెట్టి, 24 గంటల్లో పోతుందనుకుంటారు. చెక్‌పాయింట్ (ట్రాష్‌లోని ‘కరెంట్’ ఫోల్డరును సమయం పేరుతో పక్కన పెట్టడం) విరామాన్ని విడిగా పెట్టకపోతే అదీ 1440 నిమిషాలే అవుతుంది. చెక్‌పాయింట్ అయిన మరుక్షణం తొలగించిన ఫైలు ‘కరెంట్’లో ఒక రోజు, ఆ తర్వాత చెక్‌పాయింట్‌లో ఇంకో రోజు, వెరసి దాదాపు 48 గంటలు ఉండిపోవచ్చు. అసలు చిక్కు ఆ విలువను క్లయింటు వైపు మాత్రమే పెట్టి నేమ్‌నోడ్‌లో డిఫాల్ట్ 0 అలాగే వదిలేసినప్పుడు వస్తుంది. క్లయింట్లు ఫైళ్లను ట్రాష్‌లోకి జరుపుతూ ఉంటాయి, ఊడ్చాల్సిన నేమ్‌నోడ్ మాత్రం ట్రాష్ లేదనుకుని చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. లీకేజీ అన్న మాటకు నిజంగా తగినది ఇదొక్కటే. ఎన్‌క్రిప్షన్ జోన్లు (గుప్తీకరించిన డైరెక్టరీలు) వాడేవారు మరొకటి గమనించాలి: 2.8 వెర్షన్ నుంచి జోన్‌లోని ఫైళ్ల ట్రాష్ ఆ జోన్‌లోనే ఉంటుంది, హోమ్ డైరెక్టరీలో వెతికితే దొరకదు.

యార్న్ (హడూప్‌లో పనులను నడిపే భాగం) లాగ్ అగ్రిగేషన్, అంటే ఆ పనుల లాగ్‌లను హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో పోగుచేసే ఏర్పాటు, పెట్టుకున్నవారు దాని నిలుపుదల కాలాన్ని చూడాలి. డిఫాల్ట్ -1, అంటే ఎప్పటికీ తీయదు. హెచ్‌డీఎఫ్‌ఎస్ మీద నడిచే హెచ్‌బేస్ డేటాబేస్ ఉంటే ‘ఆర్కైవ్’ డైరెక్టరీ ఉబ్బడానికి సాధారణంగా హెచ్‌బేస్ సొంత స్నాప్‌షాట్లే కారణం. వాటిని హెచ్‌బేస్ షెల్ నుంచే తీయాలి గానీ ఆర్కైవ్‌లోని ఫైళ్లను చేత్తో ముట్టకూడదు. నేమ్‌నోడ్ ఫెయిలోవర్ (ఒకటి తప్పుకుని రెండోది బాధ్యత తీసుకోవడం) అయిన తర్వాత మిగులు ప్రతుల తొలగింపు ఆగిపోతే, కొత్తగా యాక్టివ్ అయిన నేమ్‌నోడ్ ఇంకా డేటానోడ్ల పూర్తి బ్లాక్ రిపోర్టుల (తమ దగ్గరున్న బ్లాకుల జాబితాల) కోసం ఎదురుచూస్తోందని అర్థం. ఆ రిపోర్టులు 6 గంటలకు ఒకసారి వస్తాయి. తొందరైతే ట్రిగ్గర్‌బ్లాక్‌రిపోర్ట్‌తో అప్పుడే రప్పించవచ్చు. పలు పేర్ల చెట్లు ఒకే డేటానోడ్లను పంచుకునే ఫెడరేషన్‌లో ఒక నేమ్‌సర్వీస్‌ను, అంటే ఒక చెట్టును, రద్దు చేసి దాని బ్లాక్‌పూల్‌ను మర్చిపోతే, డిలీట్‌బ్లాక్‌పూల్ ఇచ్చేదాకా ఆ డైరెక్టరీలు డిస్కుల మీద అలాగే పడి ఉంటాయి.

మూడో అంకెకూ నాలుగో అంకెకూ మధ్య పెద్ద తేడా ఉంటే, అంటే ‘నాన్ డీఎఫ్‌ఎస్ యూజ్డ్’ పెరిగితే, డేటానోడ్ మీద ఎల్‌ఎస్‌ఓఎఫ్‌ను ‘ప్లస్ ఎల్1’ ఐచ్ఛికంతో నడపండి. చెరిపేసినా ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకున్న ఫైళ్లు అందులో బయటపడతాయి. డేటానోడ్‌ను తప్పించి చదివే షార్ట్‌సర్క్యూట్ రీడ్ వాడే హెచ్‌బేస్ రీజియన్ సర్వర్ల వంటి ప్రాసెస్‌లు బ్లాకు ఫైలును నేరుగా తెరుస్తాయి. డేటానోడ్ దాని పేరును తీసేసినా, ఆ ప్రాసెస్ వదిలేదాకా లినక్స్ ఆ స్థలాన్ని ఇవ్వదు.

ఇక అనాథ బ్లాకుల సంగతి. ఏ ఫైలుకూ చెందని బ్లాకు డేటానోడ్‌లో ఉంటే, తర్వాతి పూర్తి బ్లాక్ రిపోర్టులోనే నేమ్‌నోడ్ దాన్ని గుర్తించి తీసేయమంటుంది. డిస్కుకూ డేటానోడ్ జ్ఞాపకానికీ తేడా వస్తే డైరెక్టరీ స్కానర్ 6 గంటలకు ఒకసారి సరిదిద్దుతుంది. కాబట్టి మీరు చేయాలనుకున్న ఏరివేత హెచ్‌డీఎఫ్‌ఎస్ రోజుకు నాలుగుసార్లు చేస్తూనే ఉంది.

చేత్తో చేస్తే ఏమవుతుందో నాకు తెలిసిన ఒక చోట జరిగింది. అక్కడి ఇంజినీరు రూట్ మీద, ఫైల్ సిస్టమ్‌ను సరిచూసే ఎఫ్‌ఎస్‌సీకే కమాండు నడిపి బ్లాకుల జాబితా రాబట్టి, డిస్కుల మీది జాబితాతో పోల్చి, మొదటి దానిలో లేనివన్నీ అనాథలని తేల్చి స్క్రిప్టుతో తుడిచేశాడు. జాబితా తీస్తున్నప్పుడు పుట్టిన కొత్త ఫైళ్ల బ్లాకులు అందులో లేవు. అంతకన్నా ఘోరం, ‘ఇన్‌క్లూడ్‌స్నాప్‌షాట్స్’ పెట్టకపోతే ఎఫ్‌ఎస్‌సీకే స్నాప్‌షాట్లలో మాత్రమే మిగిలిన ఫైళ్లను చూడదు. బ్లాకు సంఖ్య మూడు ప్రతులకూ ఒకటే కాబట్టి స్క్రిప్టు అన్ని నోడ్లలోనూ మూడింటినీ శ్రద్ధగా తుడిచింది. ప్రతులు కోలుకోవడానికి ఇక ఆధారమే మిగల్లేదు. ఏదైనా ఒక బ్లాకు మీద అనుమానం ఉంటే ఎఫ్‌ఎస్‌సీకేకు బ్లాక్‌ఐడీ ఐచ్ఛికంతో దాని పేరు ఇచ్చి, అది ఏ ఫైలుదో నేమ్‌నోడ్‌నే అడగండి. డిస్కు మీద ఆర్‌ఎమ్ జోలికి మాత్రం పోకండి. డేటానోడ్ ట్రాష్ ఫోల్డరు విషయంలో కూడా ఇదే మాట.

ముందు ఫైనలైజ్ చేయండి. అది సద్దుమణిగి రిపోర్టులో 192 టీబీ దగ్గరకు వచ్చాక స్నాప్‌షాట్ల పని పట్టండి, రెండూ ఒకేసారి చేస్తే ఏది ఎంత ఇచ్చిందో తెలియదు. అన్నీ అయ్యాక డీయూ 160 టీబీ, రిపోర్టు 161 టీబీ పైచిలుకు చూపుతాయి. ఆ ఒక్క టీబీ కోసం మళ్లీ వెతకడం మొదలుపెట్టకండి, అది చెక్‌సమ్ ఫైళ్లది.